‘నేలను శుభ్రం చేసుకుని’ అంటే ఎన్నాళ్లు?

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో పెరటి కూరగాయల మీద వేసిన వ్యాసం చదివాను. విత్తనాల మోతాదు, మడుల కొలతలు, నీళ్లు ఎప్పుడు పెట్టాలి, అన్నీ చక్కగా రాశారు. నా పేచీ అంతా మొదటి పేరాలోని ఒక్క వాక్యంతోనే. ‘ముందుగా నేలను లోతుగా దున్ని, కలుపు మొక్కలనూ వేళ్లనూ తీసేసి, శుభ్రం చేసుకోవాలి’ అని చుక్క పెట్టారు. తర్వాతి వాక్యంలో విత్తనాలు చల్లేశారు. ఆ చుక్కకీ ఆ విత్తనాలకీ మధ్య నాకు పధ్నాలుగు నెలలు పట్టింది. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగవుతుంది. అచ్చు వేయడానికి కత్తిరించాల్సి వస్తే మా ఆయన గురించి రాసిన ముక్కలు కత్తిరించండి, తుంగ గురించి రాసినవి మాత్రం ఉంచండి.

నేను బ్యాంకులో క్యాషియరుగా చేసి రిటైరయ్యాను. ఇంటి వెనక ఇరవై అడుగుల పొడవు, పదిహేను అడుగుల వెడల్పు జాగా ఏళ్ల తరబడి ఊరికే పడి ఉంది. మోకాలెత్తు గడ్డి, మధ్యలో ఎప్పుడో కొట్టేసిన చెట్టు మోడు. కూరగాయలు వేద్దామన్నది నా ఆలోచన. ఏ పనైనా ఒక్క పూటలో తేలిపోవాలన్నది మా ఆయన స్వభావం. చిన్న పవర్ టిల్లర్ అద్దెకు తెప్పించారు. మోడు చుట్టూ వదిలేసి, గంటన్నరలో నేలంతా జల్లెడ పట్టిన పిండిలా చేశాడు దాన్ని నడిపిన అబ్బాయి. ఆ సాయంత్రం ఇద్దరం కుర్చీలు వేసుకుని ఆ మట్టిని చూస్తూ కూర్చున్నాం. ఆ పధ్నాలుగు నెలల్లో నేను తృప్తిగా కూర్చున్న సాయంత్రం అదొక్కటే.

ఒక జల్లు పడింది. పదకొండో రోజుకి నేలంతా పచ్చబడింది. మేమింకా ఒక్క గింజ వేయలేదు. మెరిసే సన్నటి ఆకులు, నారుమడిలా దట్టంగా లేచాయి. పక్కింటి పెద్దాయన గోడ మీంచి చూసి, “దున్నించారా అమ్మా?” అన్నారు.

“అవునండీ, లోతుగా దున్నించాం” అన్నాను గొప్పగా.

“దున్నించలేదమ్మా, తుంగకి నారు పోయించారు” అన్నారు.

టిల్లర్ తగలని గోడవారన ముదురు తుంగ ఒకటి పూకాడతో నిలబడి ఉంది. ఆయన దాన్ని తెంపి, కాడను వేళ్ల మధ్య దొర్లించి చూడమన్నారు. గడ్డి కాడయితే గుండ్రంగా ఉంటుంది, సాఫీగా దొర్లుతుంది. ఇది టక్కుమని ఆగింది. మూడు పలకలు. చూడ్డానికి గడ్డిలా ఉన్నా తుంగ గడ్డిజాతి కాదు, దాని కుటుంబమే వేరు. ఆ తర్వాత పారతో ఒక పెళ్ల లేపి చూపించారు. సన్నటి నల్లదారం, దానికి గుచ్చినట్టు ఒక దుంప, మళ్లీ దారం, మళ్లీ దుంప. ఒక్కోటి శనగగింజ నుంచి చిన్న గోలీ అంత. పైన నల్లటి పీచు, గోటితో గీకితే లోపల తెలుపు. నలిపితే మంచి వాసన కూడానూ. తుంగముస్తలంటే ఇవే. ఇంత సువాసన వేసే శత్రువు నాకు ఉద్యోగంలో ఎక్కడా తగల్లేదు.

మీ వ్యాసకర్తకి నేను చెప్పదలచుకున్న అసలు సంగతి ఆ గొలుసు దగ్గరే ఉంది. గొలుసు తెగనంతకాలం చాలావరకు చివరి దుంప ఒక్కటే మొలకెత్తుతుంది. అది మిగతా దుంపల్ని నిద్రలోనే ఉంచుతుంది. ఎప్పుడైతే ఆ దారం తెగిందో, విడిపోయిన ప్రతి దుంపా తానే పెద్దననుకుని మొలక వేస్తుంది. టిల్లర్ బ్లేడు చేసేది సరిగ్గా ఆ పనే. పది దుంపల గొలుసును పది మొక్కలుగా మార్చి, నేలంతా సమంగా పరిచి వెళ్తుంది. గరిక కథా అంతే. ముక్కలైన ప్రతి కణుపూ మొక్కే. ‘లోతుగా దున్ని’ అన్న మీ సలహాను ఈ రెండూ ఉన్న నేలలో పాటిస్తే కొరివితో తల గోక్కున్నట్టే.

ఇదేదో నా ఒక్కదాని పెరటి గోల కాదు. లీరాయ్ హోమ్ అనే శాస్త్రవేత్త తన సహచరులతో కలిసి 1977లో ప్రపంచంలోని మహా మొండి కలుపు మొక్కల్ని వరస పెట్టారు. మొదటిది తుంగ. రెండోది గరిక. నా మూడొందల చదరపు అడుగుల్లో ఆ ఇద్దరూ కాపురం పెట్టారని తెలిశాక కాస్త గర్వంగా కూడా అనిపించింది.

మొదటి రెండు నెలలూ చేత్తో పీకాను. తుంగను పట్టి లాగితే పుటుక్కున తెగి పైది మాత్రం చేతికొస్తుంది. దుంప కిందే ఉంటుంది. నాలుగు రోజుల్లో మళ్లీ ఆకు. అప్పుడు నాలోని క్యాషియరు లేచింది. ఒక మూల చదరపు అడుగు గీసి, జానెడు లోతు మట్టి తీసి, జల్లెడ పట్టి, దుంపలన్నీ కాగితం మీద పోసి లెక్కపెట్టాను. నలభై ఒకటి. మూడొందల అడుగులకు పన్నెండు వేల మూడొందలు. పాత లెడ్జరులో ఓపెనింగ్ బ్యాలెన్స్ అని రాసుకున్నాను. మా ఆయన ఆ అంకె చూసి వారం రోజులు పెరటి వైపు రాలేదు.

ఇక ఇక్కణ్నుంచి పని మొదలైంది. బ్లేడున్న పార పక్కన పెట్టేసి, నాలుగు ఇనుప పళ్లున్న పార తెచ్చుకున్నాను. పలక పార కోస్తుంది, పళ్ల పార లేపుతుంది. తేడా అంతా అక్కడుంది. వాన వెలిసిన రెండో రోజో మూడో రోజో మట్టి పిడికిట్లో ముద్దయి, వేలితో తాకితే విడిపోయే పదునులో ఉన్నప్పుడు, గట్టు నుంచి మొదలుపెట్టి, పళ్లు దించి, వెనక్కి వంచి, పెళ్లను కదిలించి, చేత్తో విదిలించి, గొలుసును తెగకుండా లాగాలి. బురదలో చేస్తే మట్టి గట్టిపడి రాయి అవుతుంది, ఎండిపోయాక చేస్తే దారాలన్నీ తెగుతాయి. తుంగ దుంపల్లో ఎక్కువ భాగం పైనుండే అరడుగులోనే ఉంటాయి కాబట్టి బావి తవ్వక్కర్లేదు. రోజుకి పది చదరపు అడుగులు. అంతకు మించితే నా నడుము ఒప్పుకోలేదు.

తీస్తున్నప్పుడు ఏది తీయాలి, ఏది వదిలేయాలి అన్నది తెలుసుకోవడానికి నాకు మరో నెల పట్టింది. మొదట్లో కనిపించిన ప్రతి పీచూ ఏరాను. అనవసరం. ఉత్తరేణి, ముళ్లతోటకూర లాంటివాటిని మొదలు కింద నుంచి నరికేస్తే చాలు, మిగిలిన వేరు మట్టిలోనే కుళ్లి ఎరువవుతుంది. భయపడాల్సింది కణుపులున్న వాటికి. గరికను ఒక మూర లాగి వెలుతురులో పెట్టి చూడండి. తెల్లగా ఉంటుంది, వేరులా మెత్తగా వంగదు. అంగుళానికో అర అంగుళానికో ఒక కణుపు, ప్రతి కణుపునూ చుట్టుకుని ఉల్లిపొర లాంటి పల్చటి తొడుగు, ఆ తొడుగు ఒలిస్తే లోపల ఆవగింజంత మొగ్గ. చివర సూదిలా కూసుగా ఉంటుంది. అది వేరు కాదు, మట్టిలో పాకే కాండం. మీ వ్యాసంలో ‘వేళ్లు’ అని ఒకే మాటలో కట్టేసింది ఈ రెంటినీ. ఒకటి వదిలేసినా నష్టం లేనిది, రెండోది ఒక్క కణుపు వదిలినా మళ్లీ మొదటికొచ్చేది.

ఏరిన సరుకు ఎక్కడ వేయాలన్నది ఇంకో తలనొప్పి. కంపోస్టు కుప్పలో వేశానంటే, ఆ కుప్ప చేయి పెట్టలేనంత వేడెక్కితే తప్ప, వాటికి మేపు పెట్టినట్టే. సిమెంటు గచ్చు మీద పల్చగా పరిచాను. గరిక మంచి ఎండకు వారంలో పెళపెళమంది. దుంపలు గట్టివి. మబ్బు పట్టిన నాలుగు రోజులు ఆరబెట్టినవాటిలోంచి ఐదు తీసి కుండీలో పాతి చూశాను. రెండు మొలిచాయి. మంచి ఎండలో రెండు వారాలు పెట్టి మళ్లీ ఐదు పాతాను. ఒక్కటీ రాలేదు. అప్పటికి గానీ నాకు నిద్ర పట్టలేదు.

మోడు సంగతి రెండు మాటల్లో చెప్తాను, ఎందుకంటే అది నేను చేయలేదు. మా ఆయనకు తగిన పని అదే. గునపం, గొడ్డలి పట్టుకుని మూడు సాయంత్రాలు దాని చుట్టూ తవ్వి, పక్క వేళ్లు ఒక్కొక్కటే నరికి, నాలుగో రోజు ఇంకో ఇద్దర్ని పిలిచి పెకలించారు. బొటనవేలంత లావున్నవి తీశాం, సన్నవి వదిలేశాం. అప్పుడు రాలిన చెక్కపేళ్లూ పొట్టూ మట్టిలో కలిపేయమన్నారెవరో. వద్దన్నాను. పచ్చి చెక్క మట్టిలో కుళ్లేటప్పుడు ఆ కుళ్లించే సూక్ష్మజీవులే నత్రజనిని లాగేసుకుంటాయి, ఆ ఏడాది మొక్కలు పాలిపోతాయి. నడిచే దారిలో పైపైన పరిచాం.

తవ్వడం అయిపోయాక నల్ల ప్లాస్టిక్ షీటు కప్పితే వెలుతురు లేక చస్తాయని ఎక్కడో చదివి, సగం జాగాలో కప్పాను. గరిక నిజంగానే పాలిపోయింది. తుంగ మాత్రం మూడు వారాలకు షీటు మీద నిలబడి కనిపించింది. పక్కనుంచి రాలేదు, షీటును పొడుచుకునే వచ్చింది. ఎత్తి చూస్తే సూది గుచ్చినట్టు చిల్లులు. చీకట్లో ఉన్నంతసేపూ ఆ మొలక ఆకు విప్పదు, మొనదేరి సూదిలాగే పైకి పొడుస్తుంది. వెలుతురు తగిలాకే ఆకు విప్పుతుంది. నల్ల షీటు వేసి నేనే దానికి చీకటి ఇచ్చి, మొన చెక్కి ఇచ్చాను.

ఎండాకాలంలో మందు మార్చాను. ఈసారి పారదర్శకమైన పల్చటి షీటు. నేలను చదును చేసి, బాగా తడిపి, షీటును నేలకు అంటుకునేలా లాగి, అంచులు నాలుగు వైపులా మట్టిలో పాతి ఆరు వారాలు వదిలేశాను. మట్టిని ఎండతో ఉడికించే ఈ పద్ధతిని ఇజ్రాయెల్‌లో జాకోబ్ కటాన్, ఆయన తోటి శాస్త్రవేత్తలు మట్టిలోని తెగుళ్ల కోసం పరీక్షించి 1976లో ప్రకటించారు. వెలుతురు లోపలికి పోతుంది కాబట్టి తుంగ మొలక షీటు కిందే ఆకు విప్పేస్తుంది, విప్పాక పొడవలేదు, ఆ వేడికి మాడుతుంది. షీటు తీసిన రోజు నేల బోసిగా ఉంది. కానీ సంబరపడొద్దు. లోతులో ఉన్న దుంపలు ఆ వేడికి అందవు. నెల తిరక్కుండా మళ్లీ కనిపించాయి, కాకపోతే లెక్కపెట్టగలిగినన్నే.

మా అక్క కొడుకు వచ్చినప్పుడల్లా, “పిన్నీ, ఒక్క స్ప్రేతో పోయేదానికి ఈ యాతనెందుకు?” అంటాడు. వాడన్నది గ్లైఫోసేట్. 1974 నుంచీ అమ్ముతున్న మందు. ఆకు మీద పడితే కింది దుంపదాకా దిగుతుందన్న మాట నిజమే. కానీ మొలకెత్తిన ఆకుతో లంకె ఉన్న దుంపకే దిగుతుంది. నిద్రలో ఉన్నవాటికి ఆకే లేదు, మందు ఎలా చేరుతుంది? కాబట్టి అదీ ఒక్క స్ప్రేతో తేలేది కాదు. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కింది క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం గలవాటి జాబితాలో చేర్చింది. అమెరికా, ఐరోపా నియంత్రణ సంస్థలు ఆ మాటతో ఏకీభవించలేదు. ఆ తగవు తీర్చేదాన్ని నేను కాదు. నా చేత్తో తెంపి తినబోయే ఆకుకూర ఆ మట్టిలోనే మొలవాలి, నాకు తొందర లేదు. అంతే నా లెక్క. ఎకరాల మీద బతికే రైతుకి ఈ తీరిక ఉండదు, ఆయన్ని నేను తప్పుపట్టను.

మీ వ్యాసంలో లేని ఇంకో ముఖ్యమైన మాట: తీసేసిన తర్వాత రోజులు. తుంగ మొలక ఆకు విప్పిన మూడు నాలుగు వారాల్లో కింద కొత్త దుంప కట్టడం మొదలుపెడుతుంది. ఆ లోపే తీసేస్తే దుంపలోని నిల్వ ఖర్చవుతుంది గానీ జమ పడదు. నేను పదిహేను రోజులకోసారి, కుర్చీపీట వేసుకుని, సన్న బొరిగెతో ఒక్కో మొలకనూ దుంపతో సహా లేపి లెక్క రాశాను. ఆరు వారాల ఎండ తర్వాత మొదటి విడత 388. తర్వాత 260. వానలు పడ్డాక 305, ఆ రోజు బొరిగె విసిరికొట్టాను. తర్వాత 141. ఒక్క విడత మానేస్తే అంకె పైకి పోతుంది. వడ్డీ ఎలా పెరుగుతుందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

తుంగా గరికా పోతే కలుపు పోయినట్టు కాదు. మట్టిలో విత్తనాల ఖజానా వేరే ఉంటుంది. అమెరికాలోని మిషిగన్‌లో విలియం జేమ్స్ బీల్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1879లో ఇరవై సీసాల్లో ఇసుకతో కలిపి 21 రకాల మొక్కల విత్తనాలు పాతిపెట్టారు. ఏళ్ల అంతరంతో ఒక్కో సీసా తీసి మొలకెత్తించి చూస్తారు. 2021లో తీసిన సీసాలోనూ కొన్ని మొలిచాయి, నూట నలభై రెండేళ్ల తర్వాత. ఆ సీసాను చీకట్లో తవ్వి తీశారు, ఎందుకంటే కొన్ని విత్తనాలకు క్షణమాత్రం వెలుతురు చాలు మేలుకోవడానికి. మనం మట్టి తిరగేసిన ప్రతిసారీ చేసేది అదే, పాతవాటికి వెలుతురు చూపించడం. అందుకని ఒకసారి దుంపలన్నీ ఏరాక నేను మళ్లీ నేల తిరగేయలేదు. మడి చదును చేసి, నీళ్లు పెట్టి, మొలిచినవాటిని వారానికి పైపైనే, గోరంత లోతులో గీకేశాను. రెండుసార్లు అలా చేశాక మూడోసారి చాలా పల్చబడ్డాయి.

పధ్నాలుగో నెలలో మొదటి పంటగా చిలగడదుంప తీగ, గుమ్మడి పెట్టాను. వంగా టమాటా పెట్టలేదు. తుంగకీ గరికకీ నీడ పడదు, తీగలు నేలను కప్పేస్తే అవి నీరసిస్తాయి. పైగా చిలగడదుంప తవ్వేటప్పుడు మిగిలిపోయిన తుంగ దుంపలు ఏరుకునే వీలుంటుంది. తవ్విన రోజు ఒక పెద్ద చిలగడదుంప చేతికొచ్చింది. కడిగితే నడిమధ్యన చిన్న కన్నం. అవతలి వైపునా కన్నం. లోపల తుంగ మొన, ఈటెలా ఇటు దూరి అటు తేలి, ఆగకుండా ముందుకే పోతోంది. దాన్ని కోయకుండా మా ఆయనకు చూపించాను. ఆయన అటూ ఇటూ తిప్పి, “టిల్లర్ తెప్పించడం నా తప్పే” అన్నారు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ మాట ఆయన నోట వినడం ఇదే మొదలు, అందుకే తేదీ లెడ్జరులో రాసిపెట్టాను.

కనుక సంపాదకుల వారూ, ఆ వ్యాసాన్ని తప్పుపట్టడానికి రాయడం లేదు. రెండో భాగం వేయమని అడుగుతున్నాను. అందులో మొక్క బొమ్మ ఆకులవరకే ఆపేయకుండా మట్టి కింది సగం కూడా గీయించండి. దుంపల గొలుసు ఒకటి, కణుపుల కాండం ఒకటి, నిలువు తల్లివేరు ఒకటి. ఏ బొమ్మ తమ పెరట్లో ఉందో చూసుకున్నాకే పాఠకులు పనిముట్టు పట్టుకుంటారు. విత్తనాల సంగతి ఆ తర్వాతి ఆదివారం రాయొచ్చు.

ఈ ఉత్తరం మధ్యలో లేచి వెళ్లి పెరడు చూసి వచ్చాను. చిలగడదుంప తవ్వాక వేసిన వంగమడిలో తుంగ మొలక ఒక్కటీ లేదు. గోడవారన, పక్కింటి వైపు నుంచి, మూడు మొలకలు. పెద్దాయన్ని పిలిచి చూపిస్తే, “అవి మావేనమ్మా, మీ లెక్కలో కలపకండి” అన్నారు. గోడ వెంబడి జానెడు లోతు కందకం తీసి దాన్ని ఖాళీగానే ఉంచాలని ఇద్దరం అనుకున్నాం. పని రేపు పొద్దున.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగిని